లిస్బన్ సావ్ రోక్ దేవాలయం: గోడమీది చరిత్ర, చీటీలలోని చరిత్ర

మన వేదాంత కళాశాలల్లో సంఘ చరిత్ర బోధించేటప్పుడు సంస్కరణోద్యమం వరకు నిదానంగా నడిచి, ట్రెంటు మహాసభను (1545–1563) ఒకటి రెండు తరగతుల్లో ముగించి, అక్కడినుండి నేరుగా విలియం కేరీ దగ్గరికి వచ్చేయడం పరిపాటి. ఈ మధ్యనున్న రెండున్నర శతాబ్దాలలో యేసు సభవారు, అంటే జెస్యూట్లు, మన దేశానికి ఎందుకు వచ్చారో, ఎలా వెనుదిరిగారో మన విద్యార్థులలో చాలామందికి నాలుగు వాక్యాలకు మించి తెలియదు. ఆ లోటును పుస్తకాలు మాత్రమే కాదు, కట్టడాలు కూడా కొంత తీర్చగలవు. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లోని సావ్ రోక్ దేవాలయం, దానిని ఆనుకొని ఉన్న మతకళా ప్రదర్శనశాల అటువంటివి. నేను ప్రొటెస్టెంటు కాపరిని. పటాల ముందు మోకరించే సంప్రదాయం నాది కాదు. అయినా ఒక సంఘం తన గోడలమీద ఏమి రాయించుకున్నదో చదవడం చరిత్ర విద్యార్థి పని. ఆ రాయించుకున్నది ఎంతవరకు నిజమో పరిశీలించడం కూడా అతని పనే.

ఈ స్థలం చరిత్ర ప్లేగు వ్యాధితో మొదలవుతుంది. 1505 ప్రాంతంలో లిస్బన్‌ను ప్లేగు పట్టుకున్నప్పుడు మనుయేల్ రాజు వెనిసు నగరంనుండి పునీత రోక్ అవశేషాన్ని తెప్పించాడు. రోక్ ప్లేగు రోగులకు సేవ చేసినవాడని, రోగులకు రక్షకుడని ఆ కాలపు జనుల నమ్మకం. నగర ప్రాకారం వెలుపల, ప్లేగు మృతులను పాతిపెట్టిన కొండమీద 1506లో ఒక చిన్న ప్రార్థనాలయం కట్టడం ప్రారంభించారు. దానిని చూసుకోవడానికి ఒక భక్త సమాజం ఏర్పడింది. 1540లో పోపు ఆమోదం పొందిన యేసు సభ అదే సంవత్సరం పోర్చుగల్‌లో అడుగుపెట్టింది. నగరంలో స్థలం వెదకుతూ 1553లో ఈ కొండను సంపాదించింది. పాత సమాజంవారు ఊరకే ఇవ్వలేదు. తగవు జరిగి, కొత్త దేవాలయంలో కూడా రోక్ పేరిట ఒక పక్కపీఠం ఉండాలని, దానిమీద తమ హక్కు నిలవాలని ఒప్పించుకున్నారు. స్థలాల తగవులు మన సంఘాలకు మాత్రమే ప్రత్యేకం అనుకునేవారు దీనిని గమనించాలి.

లోపలికి వెళ్లిన ప్రొటెస్టెంటును మొదట ఆశ్చర్యపరిచేది బంగారు పూత కాదు, భవనం ఆకారం. అఫోన్సో ఆల్వారెస్ అనే నిర్మాణకుడు 1560లలో రూపొందించిన ఈ దేవాలయం ఒకే ఒక పెద్ద శాల. స్తంభాల వరుసలు లేవు. చూపుకు అడ్డం లేదు. పక్కపీఠాలు లోతు తక్కువగా గోడల్లోకి ఒదిగి ఉన్నాయి. శాల మధ్యభాగంలో ఎదురెదురుగా రెండు ప్రసంగ వేదికలు ఉన్నాయి. ఇది ప్రసంగం వినడానికి కట్టిన మందిరం. రోములో యేసు సభవారి ప్రధాన దేవాలయానికి 1568లో పునాది వేశారు. దానికి ముందే లిస్బన్‌లో ఈ నమూనా రూపుదిద్దుకుంది. వాక్య ప్రసంగం సంస్కరణవాదుల సొత్తు అని, కథోలికులకు పూజే ప్రధానమని మనం తేలికగా చెప్పుకుంటాం. లూథరు మరణించి ఇరవై ఏళ్లు తిరిగేసరికి జనం ప్రసంగం స్పష్టంగా వినాలనే ఉద్దేశంతో కథోలికులు కూడా ఇటువంటి శాలలు కడుతున్నారు. పోర్చుగీసు భాషలో గొప్ప ప్రసంగీకుడిగా పేరుపడిన ఆంతోనియో వియెయిరా (1608–1697) ఇక్కడ ప్రసంగించాడు. సాహిత్య విద్యార్థులు ఈనాటికీ ఆయన ప్రసంగాలు చదువుతారు.

పైకప్పు సంగతి కూడా చెప్పాలి. శాల వెడల్పు ఎక్కువ కావడంతో రాతి కప్పు వేయకుండా, ప్రష్యా దేశంనుండి తెప్పించిన పెద్ద దూలాలతో చదునైన చెక్క కప్పు వేశారు. దానిమీద ఫ్రాన్సిస్కో వెనేగాస్ అనే చిత్రకారుడు కమానులు, గుమ్మటాలు ఉన్నట్టు భ్రమ కలిగేలా చిత్రించాడు. కిందినుండి చూస్తే కప్పు ఆకాశంవైపు లేచినట్టే ఉంటుంది. నిజానికి అది బల్లపరుపు చెక్క.

పక్కపీఠాలలో రెండు అవశేషాల పీఠాలు. హువాన్ దె బోర్జా అనే ప్రభువు 1587లో దానమిచ్చిన పునీతుల ఎముకలు, ఇతర అవశేషాలు వెండి, కొయ్య పేటికలలో వరుసలుగా పేర్చి ఉన్నాయి. పురుష హతసాక్షులవి ఒక వైపు, స్త్రీ హతసాక్షులవి మరొక వైపు. వీటి దగ్గర నేను ఎక్కువసేపు నిలువలేదు. కాల్విన్ 1543లో అవశేషాల గురించి రాసిన పుస్తకం ఎవరినైనా తొందరపెడుతుంది.

నన్ను నిలబెట్టినది గురువులు పూజావస్త్రాలు ధరించే గది. అక్కడ వస్త్రాలు దాచే పొడవాటి చెక్క బీరువాలకు పైన, గోడ చుట్టూ, ఫ్రాన్సిస్ జేవియర్ జీవితాన్ని చెప్పే ఇరవై తైలవర్ణ చిత్రాలు ఉన్నాయి. అంద్రె రెయినోసో అనే లిస్బన్ చిత్రకారుడు తన సహాయకులతో కలిసి 1619 ప్రాంతంలో వీటిని వేశాడు. 1619లో జేవియర్‌కు ధన్యుడనే బిరుదు, 1622లో పునీతుడనే బిరుదు లభించాయి. ఈ కాలక్రమం ముఖ్యమైనది. ఒక మనిషిని పునీతుడిగా ప్రకటించవలసిన వేళకు సిద్ధమైన చిత్రాలివి. మాటల్లో చేసే వాదనను రంగుల్లో చేశారు. ప్రతి ఉదయం పూజకు సిద్ధపడే ప్రతి గురువు కళ్ల ముందు గోవాలో ప్రసంగం, రోగుల స్వస్థత, చనిపోయినవారు లేవడం, చైనా తీరంలో ఒంటరి మరణం ఉండేవి. యువ గురువులు ఈ గదిలో నిలబడి ఓడ ఎక్కాలనే నిర్ణయానికి వచ్చి ఉంటారని ఊహించడం కష్టం కాదు.

జేవియర్ మాత్రం ఈ దేవాలయాన్ని ఎన్నడూ చూడలేదు. కొండమీద ప్రార్థనాలయం మొదలైన 1506లోనే ఆయన నవార్‌లో పుట్టాడు. 1541 ఏప్రిల్ 7న, తన ముప్పై అయిదవ పుట్టినరోజున, లిస్బన్ రేవులో ఓడ ఎక్కి 1542 మే 6న గోవాలో దిగాడు. 1552 డిసెంబరు 3న చైనా తీరాన షాంగ్‌చువాన్ ద్వీపంలో కన్నుమూశాడు. సభకు సావ్ రోక్ దక్కింది ఆ మరుసటి సంవత్సరం. అంటే గోడమీది జేవియర్ పూర్తిగా ఆయన తరువాతివారు తయారుచేసుకున్న జేవియర్. ఆ చిత్రాలలోని భారతీయులు కూడా అంతే. వారు లిస్బన్ చిత్రశాలలో పుట్టినవారు.

ఇక్కడ తెలుగు పాఠకుడికి నేరుగా సంబంధించిన విషయం ఒకటుంది. జేవియర్ మహిమలను చెప్పే కథలలో, ఐరోపాలో వేసిన అనేక చిత్రాలలో, ఒక ఘట్టం తరచుగా వస్తుంది. దక్షిణ తీరంలోని క్రైస్తవులమీదికి క్రూరమైన సేన వస్తుంది. జేవియర్ సిలువ చేతబట్టి ఎదురు నిలుస్తాడు. శత్రువులు భయపడి పారిపోతారు. ఆ శత్రువులకు కథల్లో పెట్టిన పేరు ‘బడగలు’. ఇది నీలగిరి కొండల్లో నివసించే బడగల పేరు కాదు. తమిళులు ఉత్తరాదినుండి వచ్చిన తెలుగువారిని ‘వడుగర్’ అంటారు. ఆ మాటే పోర్చుగీసువారి నోట బడగలైంది. 1544లో కన్యాకుమారి ప్రాంతంమీదికి వచ్చినవారు విజయనగర రాజ్యపు దండు. మరో మాటలో చెప్పాలంటే, పునీతుని కథలో మృగాల్లా కనిపించే ఆ సేనలో తెలుగు మాట్లాడేవారు ఉన్నారు. కృష్ణదేవరాయల తరువాతి కాలాన్ని గర్వంగా చెప్పుకునే మనం ఆ దండయాత్రను ముత్యాల రేవుల పరవల కళ్లతో ఎన్నడైనా చూశామా?

అదృష్టవశాత్తు ఆ రోజుల్లో జేవియర్ తన తోటి సేవకుడు ఫ్రాన్సిస్కో మన్సిల్హాస్‌కు రాసిన ఉత్తరాలు మిగిలాయి. 1544 జూన్, ఆగస్టు నెలల ఉత్తరాలలో అద్భుతం ఏదీ లేదు. దండుకు భయపడి పరవ క్రైస్తవులు సముద్రపు బండలమీదికి చేరి ఆకలితో, దాహంతో చనిపోతున్నారని వినగానే, జేవియర్ మనప్పాడునుండి ఇరవై పడవల్లో తిండి, నీరు ఎక్కించుకొని బయలుదేరాడు. ఎదురుగాలి తగిలింది. తెడ్లు వేసినా, తాళ్లు కట్టి లాగినా పడవలు కదలలేదు. రోజుల తరబడి సముద్రంమీద పెనుగులాడి వెనక్కి వచ్చాడు. తరువాత కాలినడకన కన్యాకుమారి వైపు వెళ్లాడు. దోపిడీకి గురై పారిపోయి వచ్చినవారిని, నడవలేని ముసలివారిని, దారిలోనే ప్రసవించిన స్త్రీలను చూశాడు. చూసినది చూసినట్టు రాశాడు. తాను సేనను ఆపానని రాయలేదు. సాయం సకాలంలో చేరలేదని రాశాడు.

సిలువ ఎత్తి సేనను తరిమిన జేవియర్‌కంటే, ఎదురుగాలిలో బియ్యపు పడవలు లాగించి విఫలుడైన జేవియర్‌లో నాకు ఎక్కువ కాపరి కనిపిస్తాడు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తరువాత కొట్టుకుపోయిన దారుల్లో గింజలు మోసిన కాపరులకు ఈ ఉత్తరాలు వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతాయి. చిత్రకారుడు వేయదలచుకుంటే ఎదురుగాలిని వేయలేడా? వేయగలడు. కానీ పునీతత్వ విచారణకు ఓటమి పనికిరాదు. అందుకే అది గోడకు ఎక్కలేదు, ఉత్తరంలో ఉండిపోయింది.

యేసు సభవారికి బొమ్మ విలువ బాగా తెలుసు. 1598లో చంద్రగిరికి వచ్చి వెంకటపతి రాయల దర్శనం చేసుకున్నవారు, తరువాతి కొద్ది సంవత్సరాలలో ఆ దర్బారుకు చిత్రకారులను కూడా పంపారు. తెలుగు నేలకు ఐరోపా క్రైస్తవ చిత్రకళ పరిచయమైన తొలి సందర్భాలలో అది ఒకటి.

సావ్ రోక్‌కు ప్రపంచ ప్రఖ్యాతి తెచ్చినది మాత్రం జేవియర్ చిత్రాలు కావు; ఎడమ వైపున ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను పీఠం. ఐదవ జువావ్ రాజు తన పేరుగల పునీతుని కోసం 1742లో రోములోని ఇద్దరు నిర్మాణకులకు పని అప్పగించాడు. ఒకరు లుయీజి వాన్‌విటెల్లి. మరొకరు నికోలా సాల్వి, రోములోని ప్రసిద్ధ త్రేవి జలధార రూపకర్త. పీఠాన్ని మొత్తం రోములోనే కట్టారు. 1744లో పోపు పద్నాలుగవ బెనెడిక్ట్ దానిని ప్రతిష్ఠించి, 1747 మే 6న దానిమీద పూజ చేశాడు. ఆ తరువాత రాయి రాయి విడదీసి మూడు ఓడల్లో లిస్బన్‌కు తెచ్చి మళ్లీ కూర్చారు. లాజవర్దం, అగేట్, అమెథిస్ట్, పాలరాయి, బంగారు పూతపూసిన కంచు – దృష్టి ఎక్కడ నిలపాలో తెలియదు. నడుమ క్రీస్తు బాప్తిస్మం, ఇరువైపుల మరియకు దూత వర్తమానం, పెంతెకొస్తు దినం. దూరంనుండి తైలచిత్రాల్లా ఉన్న ఇవి రంగురాళ్ల చిన్న ముక్కలతో కూర్చిన మొజాయిక్ పని. పని ముగిసేసరికి 1752 వచ్చింది. రాజు 1750లోనే మరణించాడు.

ఇటువంటి ఖర్చును విమర్శించబోతే మార్కు 14వ అధ్యాయంలోని అత్తరు బుడ్డి గుర్తుకువస్తుంది. ఈ నష్టం ఎందుకని అడిగినవారిని ప్రభువు గద్దించాడు. నిర్గమకాండము 31లో బెసలేలుకు నైపుణ్యమిచ్చినది దేవుని ఆత్మే. కాబట్టి అందాన్ని చూసి ముఖం చిట్లించడం వాక్యానుసారమని నేను అనను. అయితే బేతనియలోని స్త్రీ పగలగొట్టినది తన బుడ్డిని. జువావ్ రాజు ఖర్చుపెట్టినది బ్రెజిల్ బంగారం; దానిని తవ్వినది ఆఫ్రికానుండి ఓడల్లో కుక్కి తెచ్చిన బానిసలు. బాప్తిస్మ దృశ్యం ముందు నిలబడిన సందర్శకుడికి ఈ సంగతి ఏ రాయిమీదా కనిపించదు. ఇది సభవారు తమకోసం కట్టించుకున్నది కాదని, రాజు కానుక అని న్యాయంగా చెప్పాలి. రాజుల కానుకలు తీసుకున్న సంఘాలు తరువాత రాజుల కోపాన్ని కూడా తీసుకోవలసి వచ్చిందని చరిత్ర చెబుతుంది.

ఆ కోపం త్వరగానే వచ్చింది. 1755 నవంబరు 1, సర్వ పునీతుల పండుగ ఉదయం, జనం దేవాలయాల్లో ఉన్నప్పుడు భూకంపం లిస్బన్‌ను నేలమట్టం చేసింది. వెనువెంటనే సముద్రం పొంగింది, మంటలు రేగాయి. సావ్ రోక్ లోపలిభాగం చాలావరకు నిలిచింది. గబ్రియేల్ మలగ్రిదా అనే వృద్ధ జెస్యూటు 1756లో ఒక చిన్న పుస్తకం వేసి, ఇది ప్రకృతి కారణాలవల్ల కాదు, ప్రజల పాపానికి దేవుని తీర్పు అని, ముందు పశ్చాత్తాపపడాలని బోధించాడు. నగరాన్ని తిరిగి కట్టిస్తున్న మంత్రికి, తరువాత పొంబాల్ మార్క్విస్‌గా పేరొందిన ఆ బలవంతుడికి, అది సహించరానిదైంది. 1758లో రాజుమీద జరిగిన హత్యాయత్నంలో సభవారికి పాత్ర ఉందని నిందమోపి 1759లో యేసు సభను పోర్చుగల్‌నుండి, దాని వలసలనుండి వెళ్లగొట్టాడు. మలగ్రిదాను 1761లో లిస్బన్‌లో బహిరంగంగా గొంతు నులిమి చంపి, దేహాన్ని కాల్చివేశారు. ప్రతి ఉప్పెన తరువాత, ప్రతి భూకంపం తరువాత, ఇది ఎవరి పాపఫలమో వేదికమీదినుండి చెప్పేవారు మనలోనూ ఉన్నారు. మలగ్రిదా వేదాంతాన్ని నేను అంగీకరించను. అతన్ని చంపినవారిది వేదాంతం కానే కాదు.

1773లో పోపు యేసు సభను లోకమంతటా రద్దుచేశాడు. దాని దెబ్బ తెలుగు నేలకూ తగిలింది. 18వ శతాబ్దం ఆరంభంనుండి పుంగనూరు, కృష్ణాపురం ప్రాంతాలలో ఫ్రెంచి జెస్యూట్లు కట్టిన కర్ణాటక మిషన్ పని పారిస్ విదేశీ మిషన్ సంఘం చేతికి మారింది. తెలుగు నేర్చి, తెలుగులో రాసిన ఆ గురువుల పరంపర తెగిపోయింది. లిస్బన్‌లో ఒక మంత్రి మొదలుపెట్టిన పోరు చివరకు రాయలసీమ పల్లెల్లోని క్రైస్తవులను గురువుల కొరతకు గురిచేసింది.

ఖాళీ అయిన సావ్ రోక్‌ను 1768లో లిస్బన్ ‘మిసెరికోర్దియా’కు ఇచ్చారు. ఆ మాటకు కనికరం అని అర్థం. లియొనోర్ రాణి 1498లో స్థాపించిన ఈ సేవాసంస్థ పద్నాలుగు కనికర క్రియలను తన నియమావళిలో రాసుకుంది. మత్తయి 25లో ఆకలిగొన్నవారు, పరదేశులు, చెరసాలలో ఉన్నవారి గురించి చదివే మనకు వాటిలో చాలావరకు పరిచయమే. నది ఒడ్డున ఉన్న తమ భవనం భూకంపంలో కూలిపోగా, దిక్కులేని బాలికలను, తల్లిదండ్రులు వదిలేసిన పసిపిల్లలను తీసుకొని వారు ఈ కొండమీదికి వచ్చారు. ఖర్చులకు 1783లో రాణి అనుమతితో లాటరీ మొదలుపెట్టారు. నేటికీ పోర్చుగల్‌లో ప్రభుత్వ లాటరీల నిర్వహణ ఈ సంస్థదే. లాటరీ టిక్కెట్టు కొనవద్దని సంఘ సభ్యులకు చెప్పే కాపరిగా నాకిది మింగుడుపడలేదు. కానీ అనాథల పాలఖర్చుకు వేరే దారి ఏముండేదని ఎవరైనా అడిగితే వెంటనే చెప్పగల జవాబు కూడా నా దగ్గర లేదు.

1905లో ఇక్కడ ప్రదర్శనశాల తెరిచినప్పుడు ముఖ్యంగా చూపించినది యోహాను పీఠపు సంపదనే: బంగారు జరీ వస్త్రాలు, వెండి పాత్రలు, మనిషి ఎత్తును మించిన దీపస్తంభాలు. 2008లో విస్తరించి తిరిగి తెరిచిన ప్రదర్శనశాలలో పాత ప్రార్థనాలయం, యేసు సభ, తూర్పు దేశాల కళ, మిసెరికోర్దియా ఒక్కొక్కటి తమ తమ భాగాలుగా ఉన్నాయి. తూర్పు దేశాల భాగంలో భారత, జపాన్, చైనా పనివారి చేతిపని ఉంది. చేయించినవారి పేర్లు తెలుస్తాయి గాని, చేసినవారి పేర్లు దాదాపు ఎక్కడా లేవు.

సంస్థ చరిత్ర భాండాగారంలో భద్రపరచినవి ఇంకొన్ని ఉన్నాయి. పసిబిడ్డను వదిలేసే తల్లులు గోడలో అమర్చిన తిరుగుడు పెట్టెలో బిడ్డను పెట్టి, గంట మోగించి వెళ్లిపోయేవారు. బిడ్డ ఒంటిమీద ఒక గుర్తు ఉంచేవారు: రిబ్బను ముక్క, సగం చింపిన పేకముక్క, చిన్న పతకం, బిడ్డ పేరు, బాప్తిస్మం అయినదీ కానిదీ రాసిన చీటీ. రెండో సగం తల్లి దగ్గర ఉండేది. పరిస్థితులు బాగుపడి తిరిగి వస్తే రెండు ముక్కలూ కలిపి చూసి బిడ్డను అప్పగించేవారు. గుమాస్తాలు ఆ గుర్తులను కాగితాలతో సహా జాగ్రత్తపరచారు. పిల్లల్లో చాలామంది పసితనంలోనే చనిపోయారు. తిరిగి వచ్చిన తల్లులు కొద్దిమందే. ఆ సగం ముక్కలు ఇంకా అక్కడే ఉన్నాయి.